డింప్నా చెవి

సెప్టెంబరు వచ్చిందంటే చాలు, ఐర్లండులో మా ఊరు డ్రమ్‌బాన్‌లో పింగాణీ సేకరించేవాళ్లు దిగుతారు. మనుషుల్ని పలకరించక ముందే గిన్నెల్ని బోర్లా తిప్పే జాతి అది. అడుగున హంస ముద్ర నల్లగా ఉంటే ముత్తాతల నాటిదని వాళ్ల కళ్లు మెరుస్తాయి. ఆకుపచ్చగా ఉంటే కాస్త నీరసపడతారు. బంగారు రంగులో ఉంటే మొన్నమొన్నటిదని మర్యాదగా పక్కన పెట్టేస్తారు. ఆ గిన్నెలు చేసిన మా ఊరి పింగాణీ కార్ఖానాలో ముప్పై ఏళ్లు కప్పుల అంచుల మీద మూడు రెక్కల శామ్రాక్ ఆకులు గీసినదాన్ని నేను. అప్పట్లో మేస్త్రీ చేత తిట్లు తిన్న నా ఆకుల్ని ఇప్పుడు భూతద్దాలు పెట్టి చూస్తున్నారంటే నవ్వొస్తుంది.

వాళ్లు వేసుకున్న పుస్తకాల్లో కార్ఖానా పెట్టిన దొర పేరు ఉంది. అచ్చులు చెక్కినవాళ్ల పేర్లున్నాయి. పింగాణీ బుట్టలు అల్లిన మా అన్న ఫోన్సీ టిమనీకి ఏకంగా రెండు పేజీలు ఇచ్చారు. డింప్నా మెకాఫ్రీ పేరు మాత్రం ఒకే ఒక్క చోట ఉంది. అక్కడ రాసింది అబద్ధం. ఆ అబద్ధంలో నాకూ చెయ్యి ఉంది కాబట్టి నిజం నేనే రాయాలి, ఇంకెవరూ రాయరు.

నూటయాభై ఏళ్ల కిందటి ఆలుగడ్డల కరువులో మా ఊరు సగం మట్టిలో కలిసింది, సగం ఓడెక్కింది. మిగిలినవాళ్ల దగ్గర కౌలు వసూలు కాక దొర తల పట్టుకుని కూర్చున్నప్పుడు అతని పొలంలో పింగాణీకి పనికొచ్చే తెల్లరాయి బయటపడింది. పక్కనే ఎర్న్ నది, రాయిని పిండి చెయ్యడానికి కావలసినంత నీటి వడి. అలా పుట్టింది కార్ఖానా. దొర అప్పుడే ఒక నియమం పెట్టాడు: దోసగింజంత లోపం ఉన్న వస్తువు కూడా గేటు దాటకూడదు, పగలగొట్టాల్సిందే. వేరేచోట్ల లోపం ఉన్నవాటిని రెండోరకం అని చవకగా అమ్ముకుంటారు. మాకు రెండోరకం లేదు. నియమం పెట్టడానికి దొర చాలు గానీ, పగలగొట్టడానికి ఒక మనిషి కావాలి కదా. 1955లో నేను పనిలో చేరేనాటికి ఆ మనిషి డింప్నా. అప్పటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు.

బట్టీలోంచి రెండోసారి వచ్చిన ప్రతి వస్తువూ ఆమె బల్ల మీదికి చేరేది. ఎడమ అరచేతిలో కప్పు పెట్టుకుని, తల కొంచెం పక్కకు వాల్చి, కుడిచేతి మధ్యవేలి గోటితో అంచును మీటేది. మంచిదైతే ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు గాలిలో నిలిచేది. కంటికి కనిపించని పగులు ఉంటే దుప్పటి కింద నుంచి పలికినట్టు మూగగా వినిపించేది. ఒక్కసారే మీటేది. నా ఎరుకలో రెండోసారి మీటడం చూడలేదు, ఒక్కరోజు తప్ప. మూగగా పలికితే చిన్న సుత్తి తీసి కొట్టేది. ఆ చప్పుడు కార్ఖానా మొత్తానికి వినిపించేది.

"మోగిందిరా చావుగంట! ఇవాళ ఎవడి కొంప మునిగింది?" అని అచ్చుల గదిలోంచి మలాకీ మెగర్ల్ అరిచేవాడు. ఆమె బల్ల దాటిన వస్తువుకే పనివాడికి కూలి. అందుకని అందరూ నవ్వేవారు గానీ, ఆ నవ్వులో పళ్లు కొరుకుతున్న చప్పుడు ఉండేది.

మధ్యాహ్నం నదిగట్టు మీద మేమంతా ఒక చోట, ఆమె ఒక్కతే ఒక చోట. సోడా రొట్టె ముక్క తిని, నీళ్ల వైపు చూస్తూ కూర్చునేది. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. స్నేహం చేస్తే 'తన సరుకు దాటించుకోడానికి కాకా పడుతున్నాడు' అంటారని మగవాళ్ల భయం. 'ఫలానావాడి మొహం చూసి సరుకు వదిలేసింది' అంటారని ఆమె భయం. ఇటు భయం, అటు భయం, మధ్యలో ఆమె వయసు గడిచిపోయింది.

దానికి తోడు ఆ మీటే అలవాటు. ఎవరింట్లో కప్పు చేతికిచ్చినా తాగేముందు గోరు దానంతటదే వెళ్లి అంచును మీటేసేది. మా కార్ఖానాలో పెళ్లయ్యే ప్రతి పిల్లకూ ఒక టీ సెట్టు కానుకగా ఇచ్చేవారు. 1959లో నా పెళ్లికి నాకూ ఇచ్చారు. ఆ రోజు అమ్మ పట్టుబట్టి డింప్నాని పిలిచింది. అందరూ చూస్తుండగా నా కొత్త కప్పును తీసుకుని ఖంగుమనిపించింది. మంచి మోతే, ఏ దోషమూ లేదు. కానీ మా అత్తగారు ఊరుకునే రకమా?

"మా ఇంట్లో టీ కూడా పరీక్ష పాసవ్వాలేమిటమ్మా? పెళ్లికొడుకుని కూడా ఓసారి మీటి చూసిపో, పగులేమన్నా ఉందేమో!" అంది.

హాలంతా గొల్లున నవ్వింది. డింప్నా మొహం కందిపోయింది. అందరికన్నా గట్టిగా నవ్వినదాన్ని నేనే. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆమెను టీకి పిలవలేదు.

ఆమెతో మాట్లాడే మనిషి ఒక్కడే, మా అన్న ఫోన్సీ. పెళ్లి చేసుకోలేదు, నా పెళ్లయ్యాక కూడా మా ఇంట్లోనే ఉండేవాడు. మట్టిలో జిగురు కలిపి, గొట్టంలోంచి వత్తి, ఆ తెల్లటి పోగులతో బుట్టలు అల్లేవాడు. నాలుగు పోగుల అల్లిక అన్నలాగా అల్లేవాడు ఐర్లండు మొత్తంలో లేడనేవారు. బుట్ట అంచున గులాబీలు పెట్టేవాడు, ఒక్కో రేకూ అరచేతిలో బొటనవేలితో ఒత్తి. సాయంత్రం బెల్లు కొట్టాక సైకిలు నడిపించుకుంటూ ఆమె పక్కన వంతెన దాకా వెళ్లేవాడు. అక్కడ ఆమె కుడికి, మేము ఎడమకి. నేను వెనకాల నడుస్తూ చెవులు రిక్కించేదాన్ని, ఏదో సరసం దొరుకుతుందని.

"ఇవాళ నాది ఏం కొట్టావు?" అనేవాడు అన్న.

"పిడి దగ్గర చీలింది."

"ఎంత చీలిక?"

"నీ వెంట్రుకంత."

"నా నెత్తిమీద అంత లావు వెంట్రుక ఎక్కడుంది డింప్నా, న్యాయంగా మాట్లాడు."

ఆమె నవ్వడం నేను విన్నది ఆ దారిలోనే. నాకు మండేది. కూలి పోగొట్టి, ఆ మనిషితోనే నవ్వులా అని.

1967 చలికాలంలో అన్న చెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ ఒలికింది, తర్వాత చొక్కా బొత్తాలు నేను పెట్టాల్సి వచ్చింది. కార్ఖానాలో ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పోగుల్ని సమంగా అదమలేకపోయేవాడు, అవి బట్టీలో అతుకుల దగ్గర పగిలేవి. వరసగా మూడు వారాలు మూడు బుట్టలు డింప్నా సుత్తి కిందికి పోయాయి. నాలుగోది కూడా పోతే అల్లిక బల్ల మీంచి లేపి మట్టి కలిపే కొట్టులో వేస్తానన్నాడు మేస్త్రీ. ఆ నాలుగో బుట్ట బట్టీలోంచి బయటికొచ్చిన రోజు కార్ఖానాలో అందరి చెవులూ డింప్నా గదివైపే ఉన్నాయి.

పూత ఆరిన కప్పుల పళ్లెం పట్టుకుని నేను ఆ గది గుమ్మంలోకి వచ్చాను. ఆమె నన్ను చూడలేదు. బుట్టను మీటింది. నాకే తెలిసిపోయింది, మూగగా పలికింది. ఆమె మళ్లీ మీటింది. మూడోసారి మీటింది. సుత్తి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత సుత్తిని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టేసింది. అప్పుడే మధ్యాహ్నం బెల్లు మోగింది. ఆమె పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంటోంది.

నేను బుట్టను ఏప్రన్ కింద పెట్టుకుని బయటపడ్డాను. జాలితోనో ప్రేమతోనో అని రాసుకుంటే బాగుండేది గానీ, కోపంతో చేశాను. మా అన్న చేతి పని ఒక్కటైనా నీ సుత్తికి దొరక్కుండా చేస్తాను చూడవే, అనుకున్నాను. బుట్టను కోట్లు తగిలించే కొయ్యల వెనక దాచి తిరిగి వచ్చేసరికి ఆమె ఖాళీ బల్ల ముందు నిలబడి ఉంది. కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అక్కడ అన్న గోడకానుకుని చేతులు జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు. చాలాసేపు చూసింది. తర్వాత చెత్తపెట్టెలోంచి ఏదో విరిగిన జగ్గు తీసి, బల్లమీద పెట్టి, సుత్తితో గట్టిగా కొట్టింది.

"మోగింది," అన్నాడు మలాకీ. ఆ పూట అతను కూడా నవ్వలేదు.

దొంగతనం జరిగిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. తన నెత్తిమీదికి వస్తుందని దాచుకుంది, అంతే, అనుకున్నాను నేను. నా బుర్రకు అంతకన్నా మంచి ఆలోచన రాలేదు. క్రిస్మస్ మూటలో ఉన్నిలో చుట్టి ఆ బుట్టను అమెరికాలో, ఫిలడెల్ఫియాలో ఉన్న మేనత్తకు పంపేశాను. అన్నకు చెప్పలేదు. చెబితే తిరిగిచ్చెయ్యమనేవాడు.

అన్న మట్టి కొట్టుకు మారాడు. ఊరంతా డింప్నాని ఆడిపోసుకుంది. సాయంత్రాలు అన్న వంతెన దారి మానేసి కింది సందులోంచి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేను ఆమెను నోటికొచ్చినట్టు తిడుతుంటే స్పూను కింద పెట్టి నా వైపు చూశాడు.

"ఆమెనేమీ అనకే ఉనా. చెవి ఆమెది మంచిదే. చెయ్యే నాది చెడింది."

"మరి కింది సందులోంచి ఎందుకు వస్తున్నావ్?"

"ఇలా గడగడలాడే చేతుల్తో సైకిలు పట్టుకుని ఆమె పక్కన నడవమంటావా?"

నాలుగేళ్లకు పోయాడు. శ్మశానంలో డింప్నా గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మని పిలవాల్సినదాన్ని నేను. పిలవలేదు.

1989లో ఆమె పని మానేసింది. నలభై ఒక్కేళ్లు. పగులున్న వస్తువు ఒక్కటి కూడా డింప్నా బల్ల దాటలేదన్న మాట తప్ప ఆమెకు ఈ లోకంలో ఇంకేమీ లేదు. మొగుడు లేడు, బిడ్డలు లేరు, టీకి పిలిచే ఇల్లు లేదు. ఆ మాట మాత్రం ఆమెను తిట్టేవాళ్లు కూడా ఒప్పుకునేవారు.

1996 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా నుంచి మిసెస్ ప్రూయిట్ అనే సేకరణదారు వచ్చింది. పాత పనివాళ్లం కూడా చేరిన కార్ఖానా హాల్లో పెట్టె తెరిచి, ఉన్ని విప్పి, ఆ బుట్టను బల్ల మీద పెట్టింది. మా మేనత్త కూతురు పోయాక వేలంలో కొన్నదట. గులాబీ రేకుల మీద అన్న బొటనవేలి గీతలు అలాగే ఉన్నాయి.

"ఫోన్సీ టిమనీ ఆఖరి బుట్ట అంటున్నారు. నిజమేనా?" అని అడిగింది.

నిజమేనని మలాకీ అన్నాడు, ఆ అల్లిక ఇంకెవరిదీ కాదన్నాడు. అద్దాల బీరువాలో పెడదామని మేనేజరు మురిసిపోయాడు. ఇంతలో ఆవిడతో వచ్చినాయన దీపం కింద పెట్టి చూసి, గులాబీ కింద పగులుందన్నాడు. హాలు చల్లబడింది. పగులున్న వస్తువు గేటు ఎలా దాటింది? దాటించారా? లేక దొంగిలించారా? దొంగిలిస్తే ఎవరు, చేసినవాడేగా? మా అన్న పేరు పక్కన దొంగ అనే మాట వచ్చి నిలబడింది. డింప్నాని పిలుచుకురమ్మని మేనేజరు మనిషిని పంపాడు.

ఆమె బూడిదరంగు కోటు మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చింది. డెబ్భై ఏళ్లు. పాత పనివాళ్లం ఇరవైమందిమి చుట్టూ చేరాం. బుట్టను చూసి ఆగిపోయింది. దగ్గరకెళ్లి మీటింది, ఒక్కసారే. మూగగా పలికింది. అందరం విన్నాం.

"ఇది మీ బల్ల మీదికి వచ్చిందాండీ?" అన్నాడు మేనేజరు.

"వచ్చింది."

"మరి బయటికెలా పోయింది?"

ఆమె నా వైపు చూడలేదు. ఎవరివైపూ చూడలేదు. "నేనే దాటించాను. బాగుందనుకున్నాను. పొరబడ్డాను," అంది.

"అదేంటి? ఆ రోజు సుత్తి మోత మేమంతా విన్నాం కదా!" అన్నాడు మలాకీ.

"అది బుట్ట కాదు, జగ్గు."

"ఓహో! మా సరుకంతా ముక్కలు చేసి, ఆయనగారి బుట్టకి మాత్రం చెవి మూసుకున్నావన్నమాట!"

గుసగుసలు, ముసిముసి నవ్వులు. డింప్నా సంచీ తీసుకుని వెళ్లిపోయింది. ఊళ్లో నా నాలుక కత్తి అంటారు. ఆ కత్తి ఆ రోజు ఒరలోంచి బయటికి రాలేదు. భయమేసింది. నా పింఛను, నా పేరు, నా పిల్లల ముందు నా మొహం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

మిసెస్ ప్రూయిట్ వెళ్లి సేకరణదారుల పుస్తకంలో రాసింది: 'నలభై ఒక్కేళ్లలో పరీక్షకురాలు డింప్నా మెకాఫ్రీ చేసిన ఒకే ఒక్క పొరపాటు.' దాంతో బుట్ట విలువ రెండింతలైంది. ఊళ్లో డింప్నా విలువ ఏమైందో చెప్పక్కర్లేదు. కొట్లో గుడ్లు కొనబోతే, "మీటి చూసుకో డింప్నా! చెవి పనిచేస్తోందా, లేదా?" అని వెక్కిరించారు. ఆమె గుడ్లు సంచీలో పెట్టుకుని వచ్చేసింది.

1998 ఫిబ్రవరిలో పోయింది. మా ఊళ్లో ఎవరైనా పోతే ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ పెళ్లి టీ సెట్లు తెచ్చి ఆ ఇంటి బల్ల మీద పేరుస్తారు, వచ్చినవాళ్లకి టీ ఇవ్వడానికి. ఎన్ని సెట్లు వస్తే అంత మర్యాద. మా చర్చి ఫాదర్ డెవనీ వాళ్ల అమ్మగారు పోయినప్పుడు పదిహేడు వచ్చాయి. డింప్నా బల్ల మీద ఒక్కటే ఉంది, నాది. కప్పులు ఆరు, వచ్చినవాళ్లు ఏడుగురు. ఆమె బీరువా తెరిస్తే రెండు మామూలు దుకాణం కప్పులున్నాయి. కార్ఖానా వస్తువు ఒక్కటి లేదు. పెళ్లి కాలేదు కదా, ఎవరిస్తారు?

మలాకీ టీ అందుకుని సరదాకి కప్పును మీటాడు. "పాపం, ఆఖరికి చెవే మోసం చేసింది," అన్నాడు.

"చెవి మోసం చెయ్యలేదు మలాకీ. నేను చేశాను," అన్నాను.

చెప్పేశాను. ఏప్రన్, కొయ్యల వెనక దాచడం, ఫిలడెల్ఫియా, అన్నీ. శవపెట్టెలో ఆమె, పక్కన నేను. మలాకీ కప్పు కింద పెట్టేశాడు. తాగలేకపోయాడు.

"నీ నోరు పడిపోను! ఆవిడ బతికుండగా ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

భయపడ్డాను అన్నాను. మిసెస్ ప్రూయిట్‌కు కూడా ఉత్తరం రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చింది, ఇన్నేళ్ల తర్వాత జ్ఞాపకాలు తారుమారవుతాయని. పుస్తకం మార్చలేదు.

మలాకీకి నేను చెప్పింది సగం నిజం. మిగతా సగం ఇది.

1996 సెప్టెంబరులో ఆ గొడవ జరిగిన మూడు వారాలకు డింప్నా ఇంటికి వెళ్లాను, చెప్పేద్దామనే. నలభై ఏళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు. ఆమె టీ పోసింది. తన కప్పు అంచు మీదికి వెళ్లిన గోరును మధ్యలోనే ఆపుకుంది. ఊరివాళ్లు చేసిన పని అది.

"ఆ బుట్ట సంగతి చెప్పాలి," అన్నాను.

"నీకు చెప్పొచ్చులే, నువ్వు ఫోన్సీ చెల్లెలివి," అంది ఆమె, నన్ను ముగించనివ్వకుండా. "అది నేను దాటించలేదు ఉనా. అతనే తీసుకెళ్లాడు. కొట్టలేక సుత్తి కింద పెట్టేశాను. కిటికీలోంచి చూసుంటాడు. చూడకపోతే ఎందుకు తీసుకుంటాడు చెప్పు? ఆ తర్వాత కింది సందులోంచి వెళ్లినా నేను బాధపడలేదు. నా మీద అతనికి కోపం లేదని, నా చెయ్యి ఆగిందని అతనికి తెలుసని నాకు ధైర్యం. ఆ మాట ఒక్కటీ పట్టుకుని ఇన్నేళ్లూ ఉన్నాను."

చెబితే నా బరువు దిగుతుంది. ఆమెకు మాత్రం ఆ ఉన్న ఒక్కటీ పోతుంది. అన్న ఏమీ తెలియకుండానే పోయాడు. ఆమె చెయ్యి ఆగిందని ఈ భూమ్మీద చూసినదాన్ని నేనొక్కదాన్నే, అదీ దొంగచూపు.

"అవును. అన్న నాతో అన్నాడు," అన్నాను.

ఆమె తల ఎత్తింది. "ఏమన్నాడు?"

"డింప్నా సుత్తి కింద పెట్టేసింది, అన్నాడు."

ఆమె తల కొంచెం పక్కకు వాల్చింది, బల్ల దగ్గర వాల్చినట్టే. "మళ్లీ చెప్పు," అంది.

చెప్పాను.

"ఇంకోసారి చెప్పు ఉనా."

మూడోసారి చెప్పాను. ఆమె కాసేపు అలాగే విని, చేతిలోని స్పూనును, ఆ రోజు సుత్తిని పెట్టినట్టే, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది.